ప్రధాని ఉత్తరాలు ఆగిన వారం

1916 డిసెంబరు దాకా బ్రిటిష్ మంత్రివర్గ సమావేశాలకు మినిట్స్ రాసే పద్ధతి లేదు. సమావేశం ముగిశాక ప్రధాని రాజుగారికి ఒక ఉత్తరం రాసేవారు, అంతే. ఎవరు ఏమన్నారో, చివరికి ఏం తేల్చారో మంత్రులు జ్ఞాపకం పెట్టుకోవలసిందే. అందుకే మొదటి ప్రపంచయుద్ధం తొలి నెలల్లో లండన్‌లో నిర్ణయాలు ఎలా జరిగాయో తెలుసుకోవాలంటే చరిత్రకారులు ఒక విచిత్రమైన చోట వెతుక్కోవలసి వస్తుంది. అరవై దాటిన ప్రధాని హెర్బర్ట్ హెన్రీ ఆస్క్విత్, తన కూతురి స్నేహితురాలు వెనీషియా స్టాన్లీకి రాసిన ప్రేమలేఖలే ఆ చోటు.

ఆ లేఖలు ఐదు వందల అరవై వరకు ఉన్నాయి. 1982లో పుస్తకంగా వచ్చాయి. ఆస్క్విత్ పుట్టింది 1852లో, వెనీషియా పుట్టింది 1887లో. 1912లో సిసిలీ విహారయాత్రతో మొదలైన చనువు యుద్ధం వచ్చేసరికి ఆయనకు అలవాటును దాటి అవసరమైంది. ఒక్కో రోజు రెండు మూడు ఉత్తరాలు రాసేవారు. శుక్రవారం సాయంత్రాల్లో ఇద్దరూ కారులో షికారుకు వెళ్లేవారు. మంత్రివర్గం చర్చిస్తుండగానే, బల్ల మీద కాగితం పెట్టుకుని ఆమెకు రాసిన సందర్భాలున్నాయి. ఆ ఉత్తరాలలో ఆరాటంతో పాటు సైన్యం కదలికలు, నౌకాదళ పథకాలు, మంత్రుల కీచులాటలు అన్నీ ఉండేవి. అవన్నీ మామూలు తపాలాలోనే వెళ్లేవి. 1915 ఫిబ్రవరిలో రాసిన ఒక ఉత్తరంలో ఆయన తన మంత్రులకు పరీక్షా ఫలితాల జాబితాలాగా ర్యాంకులు వేశారు. మొదటి స్థానం లార్డ్ క్రూకి ఇచ్చారు. ఆర్థికమంత్రి లాయిడ్ జార్జ్, నౌకాదళ మంత్రి చర్చిల్ కాస్త కిందికి పడ్డారు. ఒక ప్రధాని తన సహచరుల మీద ఇంత నిష్కర్షగా తీర్పు చెప్పిన కాగితం ప్రభుత్వ దస్త్రాల్లో ఎక్కడా దొరకదు.

వారి సంబంధం ఎంతవరకు వెళ్లిందన్నది చరిత్రకారులకు ఎప్పటికీ తెగని వివాదం. ఇక్కడ దాని జోలికి పోనవసరం లేదు. ఆయన భార్య మార్గోకు ఈ సంగతి తెలుసు, దానివల్ల ఆమె బాధపడ్డారు అన్నంత వరకు చాలు. ఇక్కడి ప్రశ్న వేరు. నాయకుడి ఆంతరంగిక బంధం ఆయన పనిని పట్టి కుదిపిందని మనం చెబితే, కుదిపింది సరిగ్గా దేనిని?

ఈ కథలో మూడో మనిషి పేరు తెలుగు పాఠకులకు పాఠ్యపుస్తకాల నుంచే పరిచయం. మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల మాంటేగు ఆయనే. ఎడ్విన్ మాంటేగు సంపన్న యూదు బ్యాంకరు కుమారుడు. 1906 నుంచి ఆస్క్విత్‌కు ప్రైవేటు కార్యదర్శిగా పనిచేసి, ఆయన అండతోనే పైకి వచ్చారు. 1910 నుంచి నాలుగేళ్లు భారత వ్యవహారాల శాఖలో ఉపమంత్రి. సిసిలీ యాత్రలో ఆయన కూడా ఉన్నారు. ఆ తర్వాత వెనీషియాను పెళ్లి చేసుకుంటానని అడిగి కాదనిపించుకున్నారు కూడా. 1915 వసంతంలో ఆమె మనసు మార్చుకున్నారు. యూదు మతంలో పెళ్లాడకపోతే ఆస్తి దక్కదని మాంటేగు తండ్రి వీలునామా. అందుకోసం ఆమె మతం మారడానికి ఒప్పుకున్నారు.

ఈ కబురు ఉత్తరం రూపంలో ఆస్క్విత్‌కు చేరింది 1915 మే 12న. తన గుండె పగిలిందని, వచ్చి ఆమెను చూడలేనని, దేవుడు ఆమెను దీవించి తనకు సాయపడాలని మాత్రమే ప్రార్థించగలనని ఆయన రెండు మూడు వాక్యాలలో జవాబు రాశారు. పుటలు పుటలుగా రాసే మనిషి నుంచి వచ్చిన అతి చిన్న ఉత్తరాల్లో అదొకటి.

ఆ వారం మామూలు వారం కాదు. మే 7న లూసిటానియా ఓడ మునిగింది. మే 9న ఫ్రాన్స్‌లో ఓబర్స్ శిఖరం మీద దాడి విఫలమైంది. ఫిరంగి గుండ్ల కొరత వల్లనే సైనికులు చచ్చిపోతున్నారని మే 14న టైమ్స్ పత్రిక రాసింది. మే 15న నౌకాదళ అధిపతి లార్డ్ ఫిషర్, టర్కీలోని డార్డనెల్స్ జలసంధి మీద దాడి విషయంలో చర్చిల్‌తో పడక రాజీనామా చేసి వెళ్లిపోయారు. మే 17 ఉదయం ప్రతిపక్ష కన్జర్వేటివ్ పార్టీ నాయకుడు బోనార్ లా వచ్చి లాయిడ్ జార్జ్‌ను కలిశారు. ఇద్దరూ కలిసి ఆస్క్విత్ దగ్గరికి వెళ్లారు. సంకీర్ణ ప్రభుత్వానికి ఆయన అక్కడికక్కడే ఒప్పుకున్నారు. 1905 నుంచి ఏకఛత్రంగా సాగిన లిబరల్ పాలన అలా ముగిసింది. బ్రిటన్‌లో లిబరల్ పార్టీ మళ్లీ ఒంటరిగా ప్రభుత్వం ఏర్పాటు చేయలేదు.

అంత పెద్ద నిర్ణయం అంత తేలిగ్గా ఎందుకు జరిగింది? గుండెకోతలో ఉన్న మనిషి పోరాడే ఓపిక లేక లొంగిపోయాడని ఒక వాదన. ఫిషర్ రాజీనామా, గుండ్ల కొరత కలిసి వచ్చాక ఎవరున్నా అదే చేసేవారని, ఉమ్మడి ప్రభుత్వం కాకపోతే యుద్ధం మధ్యలో ఎన్నికలకు పోవలసి వచ్చేదని రెండో వాదన. సంకీర్ణానికి ఒప్పుకోవడం వరకు రెండో వాదనే బలంగా కనిపిస్తుంది. అది దుఃఖంలో వేసిన తప్పటడుగు అనడానికి ఆధారం చాలదు. పైగా కొత్త మంత్రివర్గంలో ముఖ్య పదవులు లిబరల్ పార్టీ చేతి నుంచి జారకుండా ఆయన చాకచక్యంగానే పంచారు. బోనార్ లాకు వలస రాజ్యాల శాఖ ఒక్కటే దక్కింది. కృంగిపోయిన మనిషి చేసే బేరం కాదు అది.

కానీ అదే వారంలో ఇంకొకటి జరిగింది. లార్డ్ ఛాన్సలర్ హాల్డేన్ ఆస్క్విత్‌కు పాత, అతి సన్నిహిత మిత్రుడు. జర్మనీ పక్షపాతి అని పత్రికలు ఆయన వెంట పడ్డాయి. కన్జర్వేటివ్‌లు ఆయన్ని తప్పించాలన్నారు. ఆస్క్విత్ తప్పించారు. మిత్రుడికి ఓదార్పుగా ఒక ఉత్తరం ముక్క కూడా రాయలేదు. రోజుకు మూడు ఉత్తరాలు రాసే చెయ్యి అది. లెక్కలు వేసే బుద్ధి చెక్కుచెదరలేదు, మనుషులను పట్టించుకునే శక్తి మాత్రం ఆగిపోయింది. దుఃఖంలో ఉన్న నాయకుల గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడాను చాలామంది చూడరు. పని అంతా ఒక్కసారిగా కుప్పకూలుతుందని ఊహిస్తారు. నిజానికి ఎన్నో ఏళ్ల సాధనతో చేతికి అబ్బిన పని చాలాకాలం దానంతట అదే నడుస్తుంది. నియమం లేకుండా, ఎవరూ అడగకుండా చేసే పనులు ముందుగా రాలిపోతాయి: ఒక ఫోను, ఒక పరామర్శ, రెండోసారి అడిగే ప్రశ్న.

ఆ రోజుల్లోనే వెనీషియాకు రాసిన మరో ఉత్తరంలో, యుద్ధం మొదలయ్యాక ఇన్ని ఆందోళనలు ఒక్కసారిగా మీద పడటం ఇదే మొదలని, పంచుకోవడానికి ఇప్పుడు ఎవరూ లేరని ఆయన వాపోయారు. ఆ పంచుకోవడం అన్నచోటే అసలు విషయం దొరుకుతుంది. ఆస్క్విత్ వెనీషియాను ప్రేమించారన్నది సగం మాట. మినిట్స్ లేని మంత్రివర్గానికి ఆమె ఒక రకంగా కార్యదర్శి. ఏ రోజుకారోజు జరిగింది ఆమెకు రాస్తూ ఆయన తన ఆలోచనను తేటపరుచుకునేవారు. ఎవరి మీద ఎంత నమ్మకం ఉంచాలో, ఏది ముందు ఏది వెనుకో ఆ కాగితాల మీదే తేలేది. ఆఫీసు చేయవలసిన పనిలో కొంత భాగం ఎవరికీ చెప్పకుండా ఒక మనిషి మీదికి మారిపోయింది. ఆ మనిషి వెళ్లిపోతే ఆ పని కూడా వెళ్లిపోతుంది. ఆ ఖాళీ ఏ ఉద్యోగుల జాబితాలోనూ కనిపించదు కాబట్టి భర్తీ చేయాలన్న ఊహ కూడా ఎవరికీ రాదు. ఆస్క్విత్ మాత్రం వెంటనే గుర్తించారు. ఆ నెలలోనే వెనీషియా అక్క సిల్వియా హెన్లీకి రాజకీయ రహస్యాలతో నిండిన ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ప్రేమ విఫలమైనవాడు వెంటనే ప్రియురాలి అక్కకు అలా రాయడం ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఉద్యోగి మానేస్తే మరొకరిని వెతుక్కునే అధికారి అనుకుంటే అది వెంటనే అర్థమవుతుంది.

ఆ బంధం తెగినందువల్ల జరిగిన నష్టం కంటే, అది నిలిచి ఉన్నప్పుడు జరిగిన నష్టమే పెద్దదేమోనని కూడా అనుమానించాలి. 1915 మార్చి 19 తర్వాత మే 14 దాకా యుద్ధ మండలి ఒక్కసారి కూడా సమావేశం కాలేదు. మధ్యలో ఏప్రిల్ 25న డార్డనెల్స్ పక్కనున్న గల్లిపోలి తీరంలో సైన్యాలు దిగాయి. వేల ప్రాణాలను పణంగా పెట్టే దాడి ముందు ఆ మండలి కూర్చుని లాభనష్టాలు బేరీజు వేయలేదు. దానికి వెనీషియా కారణమని చెప్పడం అన్యాయం. కానీ సందేహాలు, భయాలు పోసుకోవడానికి సానుభూతితో వినే ఒక చెవి దొరికిన నాయకుడికి, ఎదురు ప్రశ్న వేసే గది అంత అవసరమనిపించదు. ఆస్క్విత్ సందేహాలు ఉత్తరాల్లో ఖర్చయిపోయాయి. బల్ల చుట్టూ కూర్చున్నవారి దాకా అవి రాలేదు.

నాయకుల ఇంటి విషయాలు పనిని తాకుతాయా అన్నది సామెతలతో, పుకార్లతో తేల్చుకోవలసిన విషయమేమీ కాదు. డెన్మార్క్‌లో పౌరుల కుటుంబ వివరాలు, కంపెనీల లెక్కలు రెండూ ప్రభుత్వ దస్త్రాల్లో ఉంటాయి. మోర్టెన్ బెనెడ్‌సెన్, ఫ్రాన్సిస్కో పెరెజ్-గొంజాలెజ్, డేనియల్ వోల్ఫెంజాన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ రెండింటినీ కలిపి చూశారు. కంపెనీ సారథి ఇంట్లో దగ్గరివారు చనిపోతే ఆ తర్వాత కంపెనీ లాభదాయకత తగ్గుతోంది. బిడ్డ పోయినప్పుడు దెబ్బ అన్నిటికంటే పెద్దది, ఆ తర్వాత జీవిత భాగస్వామి. అత్తగారు పోయినప్పుడు మాత్రం తగ్గుదల కనిపించలేదు. ఈ చివరి ముక్కను పత్రికలు నవ్వులాటగా ప్రచారం చేశాయి కానీ, పరిశోధనకు ప్రాణం అందులోనే ఉంది. చావు వల్ల వచ్చే సెలవులు, కర్మకాండలు, ప్రయాణాలు ఎవరు పోయినా దాదాపు ఒకటే. బంధం దగ్గరితనాన్ని బట్టి నష్టం మారుతోందంటే, పోయేది రోజులు కాదు, మనసు. అదే పరిశోధనలో ఇంకో సంగతి: కంపెనీ సారథే మరణిస్తే సంస్థ దెబ్బతింటోంది, బోర్డు సభ్యుడు మరణిస్తే ఆ జాడ కనిపించలేదు. అంటే పై స్థాయిలో ఉన్న ప్రతి కుర్చీకీ ఒకే బరువు లేదు.

అయితే సగటు లెక్క ఒక మనిషి గురించి ఏమీ చెప్పదు. 1915 మేలో ఆస్క్విత్ ఎదుట కూర్చున్న ఇద్దరినే చూడవచ్చు. లాయిడ్ జార్జ్ పెద్దకూతురు మేర్ 1907 నవంబరులో, పదిహేడేళ్ల వయసులో, అపెండిసైటిస్‌తో చనిపోయింది. ఆయన ఆ ఇంటికి తిరిగి వెళ్లలేకపోయారు, ఇల్లు మార్చేశారు. మరుసటి ఏప్రిల్‌లో ఆర్థికమంత్రి అయ్యి, 1909లో బ్రిటిష్ రాజకీయాలనే తలకిందులు చేసిన బడ్జెట్ తెచ్చారు. బోనార్ లా 1909లో భార్యను పోగొట్టుకున్నారు. 1917 ఏప్రిల్‌లో ఒక కొడుకు గాజా యుద్ధంలో, సెప్టెంబరులో ఇంకో కొడుకు విమాన పోరులో పోయారు. రెండో చావుతో కొన్నాళ్లు ఏ పనీ చేయలేకపోయారు. అయినా అక్టోబరులో, ఆర్థికమంత్రిగా, జాతీయ యుద్ధ బాండ్ల అమ్మకం ఆయన హయాంలోనే మొదలైంది. వీరి దుఃఖం తక్కువదని ఎవరూ అనలేరు. వీరు పోగొట్టుకున్నవారు వీరి పనికి ఆధారస్తంభాలు కారు, అంతే తేడా. పని ఇంకా చేతిలో ఉంది, దానిలో తలదాచుకోవడానికి చోటుంది. ఆస్క్విత్‌కు ఆ చోటే కూలింది.

లాయిడ్ జార్జ్ విషయంలో ఇంకో మలుపు ఉంది. ఆయన దాంపత్యం ఆస్క్విత్ కంటే సవ్యంగా ఏమీ సాగలేదు. కూతురికి చదువు చెప్పడానికి వచ్చిన ఫ్రాన్సిస్ స్టీవెన్‌సన్‌తో 1913 నుంచి సంబంధం ఉంది. ఆయన భార్య పోయాక 1943లో గానీ వారి పెళ్లి కాలేదు. నీతి కొలబద్దతో చూస్తే ఆస్క్విత్ ఉత్తరాల కంటే ఇది పెద్ద తప్పే. కానీ ఫ్రాన్సిస్ ఆయనకు జీతం తీసుకునే కార్యదర్శి. 1916లో ప్రధాని కార్యాలయంలోనూ అదే హోదాలో చేరారు. ఆమె చేసే పనికి ఒక పేరుంది, బల్ల ఉంది, దస్త్రం ఉంది. ఆస్క్విత్ స్థానంలోకి వచ్చిన వెంటనే లాయిడ్ జార్జ్ చేసిన మొదటి పనుల్లో మంత్రివర్గ సచివాలయం ఏర్పాటు ఒకటి. మారిస్ హాంకీ కింద మినిట్స్ రాయడం అప్పుడే మొదలైంది. ఆస్క్విత్ మీద అభిమానం ఉన్నవారికి ఈ మాట నచ్చకపోవచ్చు, కానీ వెనీషియా చేసిన పనిలో సగం హాంకీకి దక్కింది.

తెలుగునాట ఈ చర్చ వస్తే చాలామందికి 1995 ఆగస్టు గుర్తుకొస్తుంది. ఎన్.టి. రామారావు రెండో వివాహం, ఆ తర్వాత పార్టీలో వచ్చిన చీలిక, పదవీచ్యుతి. అక్కడ పార్టీలో రేగిన గొడవ, భార్య పాలనలోకి వచ్చి జోక్యం చేసుకుంటున్నారన్న ఆరోపణ చుట్టూ తిరిగింది. ఆ ఆరోపణ నిజానిజాలు వేరే వ్యాసానికి సరిపడా విషయం. ఆస్క్విత్‌ది దానికి తలకిందులు. బంధువు ఆఫీసులోకి రాలేదు, నాయకుడి ఆలోచనే ఆఫీసు దాటి వెళ్లింది. మొదటిది అందరికీ కనిపిస్తుంది, తిరుగుబాటు పుడుతుంది. రెండోది ఎవరికీ కనిపించదు.

నేటి కంపెనీలు ఈ రెండో రకం ప్రమాదాన్ని దాదాపు పట్టించుకోవు. విడాకులు అనగానే బోర్డులు వాటాల లెక్క తీస్తాయి. అమెజాన్‌లో 2019లో జెఫ్ బెజోస్ విడాకులప్పుడు మెకెంజీకి నాలుగు శాతం వాటా వెళ్లింది, ఓటు హక్కు బెజోస్ దగ్గరే ఉంది, మదుపరులు ఊపిరి పీల్చుకున్నారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2013లోనే విడాకుల ప్రభావం మూడు దారుల్లో ఉంటుందని రాశారు: సంస్థ మీద అదుపు, నాయకుడి ఏకాగ్రత, సాహసించే తత్వం. అదుపు సంగతి వకీళ్లు చూసుకుంటారు, మిగతా రెండింటికీ ఎవరూ లేరు. అమెరికా చమురు వ్యాపారి హెరాల్డ్ హామ్ విడాకుల కేసు ఈ విషయంలో నవ్వు తెప్పిస్తుంది. దంపతుల్లో ఎవరో ఒకరి కృషితో పెరిగిన ఆస్తిని మాత్రమే పంచాలన్నది అక్కడి చట్టం. దాంతో కంపెనీ ఎదుగుదలకు చమురు ధరల వంటి బయటి కారణాలే ఎక్కువ, తన పనితనం కాదని ఆయన తరఫున కోర్టులో వాదించవలసి వచ్చింది. జీతం పెంచమని బోర్డు ముందు కూర్చున్న ఏ సారథీ అనని మాట అది. చివరకు 2015 జనవరిలో ఆయన రాసిన చెక్కు దాదాపు 97.5 కోట్ల డాలర్లది.

ఆస్క్విత్ మరో ఏడాదిన్నర ప్రధానిగా ఉన్నారు. 1916 సెప్టెంబరు 15న పెద్దకొడుకు రేమండ్ సోమ్ యుద్ధంలో చనిపోయాడు. ఈసారి తేరుకోలేదని దగ్గరివారంతా చెప్పారు. డిసెంబరు 5న రాజీనామా చేశారు. ఆ డిసెంబరు రోజుల్లో లాయిడ్ జార్జ్ పన్నిన ఎత్తులను ఆయన తేలిగ్గా తీసుకున్నారు. 1915లో ఇంత తేలిగ్గా మోసపోయే మనిషి కాదు ఆయన. ఇక్కడ దుఃఖం పాత్ర ఎక్కువే ఉన్నట్టుంది.

మాంటేగు 1917 జూలైలో లాయిడ్ జార్జ్ ప్రభుత్వంలో భారత మంత్రి అయ్యారు. ఆస్క్విత్ వర్గం దాన్ని ద్రోహంగానే చూసింది. ఆగస్టు 20న బాధ్యతాయుత ప్రభుత్వం వైపు క్రమంగా నడిపిస్తామని పార్లమెంటులో ప్రకటించి, ఆ శీతాకాలం భారతదేశం వచ్చారు. ఆయన మద్రాసు వచ్చినప్పుడు ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ న్యాపతి సుబ్బారావు పంతులు నాయకత్వాన ఆంధ్ర ప్రతినిధులు విన్నపం ఇచ్చుకున్నారు. 1919 చట్టం, ద్వంద్వ పాలన, మద్రాసులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం, 1921లో పానగల్ రాజా ముఖ్యమంత్రిత్వం ఆ దారిలోనివే. ఆయన భారత పర్యటన డైరీని, ఆయన పోయాక, 1930లో ప్రచురించింది వెనీషియాయే.

వెనీషియా మాంటేగుకు రాసిన ఉత్తరాలు మిగిలాయి. నిన్ను పెళ్లి చేసుకుంటూనే ఆయన్ని సంతోషంగా ఉంచడం ఎందుకు కుదరదని ఒకదానిలో ఆమె మాంటేగునే అడిగారు. తాను నిర్వహిస్తున్న పాత్ర ఏమిటో ఆమెకు బాగా తెలుసని దాన్నిబట్టి అర్థమవుతుంది. ఆస్క్విత్‌కు ఆమె రాసిన జవాబులు మాత్రం దొరకలేదు. డార్డనెల్స్ గురించి ఆయన రాసినప్పుడు ఆమె ఔనన్నారా, కాదన్నారా, చర్చిల్ మీద ఆయన అభిప్రాయం మార్చారా అన్నది చెప్పే కాగితం ఏదీ లేదు. 1914–15 యుద్ధ నిర్ణయాల్లో ఆమె వాటా ఎంతో ఏ చరిత్రకారుడూ ఇప్పటివరకు లెక్కకట్టలేకపోవడానికి కారణం అదే.